రీబూట్ అడగని రాత్రి

శ్రీకాకుళం. నాగావళి గట్టుకి రెండు వీధులివతల
సహకార బ్యాంకు మేడ మీద
పాత బీరువాలకీ బాత్రూముకీ మధ్య ఒక గది.
ఏసీ చుక్కలు పడే చోట ఎర్ర బకెట్టు.
దసరాకి కట్టిన నిమ్మకాయ ఎండి నల్లబడి
ఇంకా వేలాడుతూనే ఉన్న ఆ ఇనప పెట్టె
మా సర్వరు.

కొనే రోజున అధ్యక్షులు మెట్ట అప్పన్న గారు
కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగారు:
"ఉచితవా? అయితే రేపు పాడైపోతే
ఎవుడి మెడ పట్టుకోవాలమ్మా?"
సాఫ్ట్‌వేరుకి డబ్బుల్లేవండి, అన్నాను,
మెడకే ఏడాదికింతని కడతాం.
పదేళ్ళపాటు అర్ధరాత్రి ఫోనెత్తే మెడ.
ఆయన నవ్వలేదు.
సంతకం మాత్రం పెట్టారు.

అంతకు ముందున్నది మూత తెరవనిచ్చేది కాదు.
లోపలేముందంటే లైసెన్సు కాగితం చూపించేది.
ఏ రోగానికైనా దాని మందొకటే:
ఆపండి, మళ్ళీ పెట్టండి.
ధాన్యం డబ్బులు పడే ఒక సోమవారం
ఆపాం, మళ్ళీ పెట్టాం,
వరస గేటు దాటి
జీడిపిక్కల బండి దాకా పోయింది.

మా పిన్ని పొందూరులో నూలు వడికేది.
వాలుగ చేప దవడతో దూది దువ్వి
తీసిన పోగుని కిటికీ వెలుతురుకి పట్టి
"సూడే, దాసుకోడానికి ఏటీ లేదు" అనేది.
ఈ సిస్టమ్ మూలం మొదటిసారి తెరిచిన రోజు
ఆ కిటికీయే గుర్తొచ్చింది.
లక్షల పోగులు. మధ్యలో ఎక్కడో
ఏ దేశంవాడో రాసిపెట్టిన ఒక మాట:
ఇదెందుకు పనిచేస్తోందో నాకూ తెలీదు, కదపకండి.
నేను కదపలేదు.

ఇది మొహమాటం తెలియనిది.
ప్రింటరు పని చూసేవాడు ఖాతాల గదిలోకి తొంగిచూస్తే
వాడి చేతిలో పెద్ద తాళమున్నా సరే, వద్దంటుంది.
వద్దన్నానని తేదీ, గంట, సెకను వేసి రాసుకుంటుంది.
మేనేజరు గారి బావమరిది ఒకసారి
పెన్‌డ్రైవు పట్టుకొచ్చి
ఆ రాతలో శాశ్వతంగా మిగిలిపోయాడు.

ఇంకొకటి చెప్పాలి.
బడిలో నేర్చిన వరసలో క్ష చివరన కదా.
క్షీరసాగరం నూకరాజు పేరు
పట్టిక చివర వెతికితే లేదు.
క దగ్గర, గుంపులో ఇరుక్కుని ఉంది.
రుణమాఫీ జాబితాలో లేవని చెప్పి
పాపం ఆయన్ని రెండుసార్లు తిప్పి పంపారు.
మూడు రాత్రులు కూర్చుని ఆ వరస దిద్దాను,
దిద్దినది పైకి పంపాను.
ఖాళీలు సరిగ్గా వదల్లేదని ఒకడు తిట్టాడు.
ఏడు నెలలు పలుకు లేదు.
తర్వాత ఒప్పుకుని, పేరడిగారు.
బగ్గు వరహాలు, అన్నాను.
తప్పు పేరు కాదు, మీ పేరు, అన్నారు.
అదే నా పేరు, ఇంటిపేరు బగ్గు,
మా జిల్లాలో బోలెడుమందిమి, అని రాశాను.
ఇప్పుడు ఏ ఊరి యంత్రంలోనైనా
క్ష తన చోట తాను నిలబడితే
ఆ అడుగున నేనున్నాను.
ఇంక్రిమెంటు లెక్కలో ఇది రాదు.

నిన్న రాత్రి తోటపల్లి గేట్లెత్తారు.
ఏరు రోడ్డెక్కుతుందని మైకులో చెబుతుంటే
ఊరంతా ఏటీఎం ముందు గొడుగులతో నిలబడింది.
సరిగ్గా అప్పుడే కబురు: ఒక కన్నం బయటపడింది,
తెల్లారేలోగా పూడ్చుకోండి.
ఆపితే డబ్బు రాదు. ఆపకపోతే దొంగ రావచ్చు.
నడిచే బండికి నడుస్తుండగానే చీల మార్చినట్టు
అతుకు వేశాను.
బయట నోట్లు లెక్కపెడుతున్న చప్పుడు ఆగలేదు.
ఆపకుండా నడిచిన రోజులెన్నని అడిగితే
వెయ్యిన్నూట నలభై రెండు, అంది తెర.

అప్పన్న గారు ఫోన్ చేశారు:
"ఏటమ్మా, అంతా బాగేనా?"
బాగే, అన్నాను.
ఏమీ జరగలేదని ఎలా చెప్పాలో
నాకిప్పటికీ చేతకాదు.

నీళ్ళు మూడో మెట్టు దగ్గర ఆగాయి.
ఎర్ర బకెట్టు నిండింది.
పారబోసి వచ్చాను.